సర్కారు తుమ్మ

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప చేల నడుమ సాగు ఏ డొంక వెంట నడచినను, దున్నిన నేల ముగిసిన చోటనే ఒక ముళ్ళచెట్టు మనకు అడ్డము వచ్చును. చెరువు లోపల అదియే, కాలువ కట్టపై అదియే, ఊరి బీడులో అదియే. గుంటూరు వైపువారు దానిని సర్కారు తుమ్మ అందురు; ఒంగోలు ప్రాంతమువారు చిల్లచెట్టు అందురు. (బురదనీటిని తేర్చు చిల్లగింజల నొసగు చెట్టునకును ఆ పేరే కలదు, అది వేరు, ఇది వేరు.) ఈ రెంటిలో మొదటి పేరే చరిత్రకు దగ్గర. ఈ చెట్టును ఊరు కోరి తెచ్చుకొనలేదు, సర్కారు తెచ్చినది.

మన తుమ్మ నల్లతుమ్మ. బంతివంటి పసుపుపచ్చని పూవు, పూసలపేరు వంటి కాయ దాని గుర్తులు. నాగలికి, బండిచక్రపు కుండకు, ఆకులకు దాని చేవ. తోళ్ళను ఊనుటకు దాని పట్ట. కాగితము అంటించుటకు దాని బంక. మేకలకు దాని కాయ. ప్రొద్దుట పండ్లు తోముకొనుటకు దాని పుల్ల. గట్టున రెండు తుమ్మలున్న రైతు వానిని కొట్టుటకు ముందు కొంత ఆలోచించెడివాడు.

క్రొత్త తుమ్మ పుట్టినిల్లు అమెరికా ఖండపు మెట్టనేలలు. శాస్త్రజ్ఞులు దానికి ప్రోసోపిస్ జూలీఫ్లోరా అని పేరిడిరి. నిజమునకు అది తుమ్మ కాదు, తుమ్మకు దాయాది. మద్రాసు రాజధానిలో అటవీశాఖ కన్సర్వేటరుగా నుండిన బెడ్డోమ్ దొర, ఈ చెట్టు విత్తనములను తెప్పింపవలసినదని 1876లో రెవిన్యూ శాఖకు వ్రాసెను. 1877లో కడప జిల్లా కమలాపురమున అవి నాటబడినవి. భారతదేశమున ఈ చెట్టు కాలూనిన తొలి తావు అదియేనని అటవీ చరిత్రకారులు చెప్పుదురు. అవి ధాత కరవు నాళ్ళు. పొయ్యిలోనికే కాదు, రైలుబండికిని కట్టెయే కావలసిన కాలము. వాన లేకున్నను బ్రదుకు చెట్టును వెదకిన ఆ దొరను నేడు తప్పుపట్టుట సులభము. ఆనాటి అవసరము మాత్రము నిజమైనదే. జోధ్‌పూరు సంస్థానమువారు 1940లో దీనికి రాజవృక్షమను గౌరవమునే ఇచ్చిరి.

దీని వ్యాప్తికి మూలము కాయలో నున్నది. ఆకును పశువు ముట్టదు, కాయను మాత్రము తీపికి ఆశపడి మేయును. గట్టి గింజ కడుపులో అరగక పేడతో బయటపడును. ఎరువుతో సహా విత్తు పడినట్లే గదా! ఇక వేరు సంగతి. ఈ జాతి చెట్టు వేరొకటి అమెరికాలో ఆరిజోనా ప్రాంతపు గనిలో 53 మీటర్ల లోతున కనబడినది. మోడు కొట్టినచో ఒక చెట్టు స్థానమున పది పిలకలు లేచును.

ఇచ్చట ఒక విచిత్రము చెప్పవలెను. మన నల్లతుమ్మయు పరదేశమునకు పోయి ఇట్టి అపకీర్తినే మూటగట్టుకొన్నది. 1890 ప్రాంతమున నీడకును మేతకును దానిని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునకు కొనిపోయిరి. 1920 దశకమున అచ్చటి వ్యవసాయశాఖయే గొఱ్ఱెల మేతబీళ్ళలో నాటుడని సలహా ఇచ్చినది. 1957లో ప్రభుత్వమే దానిని హానికరమైన కలుపుగా ప్రకటించినది. నేడు అచ్చట అది అరువది లక్షల హెక్టార్లకు పైగా ఆక్రమించి యున్నది. మనయింట నాగలియైనది అచ్చట కలుపైనది.

మన మైదానమున సర్కారు తుమ్మ చేసిన ఉపకారము తక్కువ కాదు. మిరపచేనికి కంచె దాని కంప. పొగాకు బ్యారనులో మండినది దాని కట్టె. బొగ్గు బట్టీ నమ్ముకొన్న కుటుంబములు నేటికిని కలవు. సెంటు భూమి లేని పేద ఇల్లాలికి ఎవరిని అడుగకుండ దొరకిన వంటచెరకు అదియే. అయితే 1999లో దీపం పథకము వచ్చినది మొదలు గ్యాసు పొయ్యిలు పల్లెలకు చేరినవి, కొట్టువారు తగ్గిరి, చెట్టు మరింత హెచ్చినదని మా అభిప్రాయము. నాగార్జునసాగరు కుడికాలువకు 1967లో నీరు వచ్చిన పిదప తడి తగిలిన కట్టలు, పిల్లకాలువలు దానికి క్రొత్త నివాసములైనవి. ఏటేట దున్ను చేనిలోనికి అది రాలేదు. కౌలు గిట్టక నాలుగేండ్లు బీడుపెట్టిన చేనిని మాత్రము తనదిగా చేసికొనును. చెరువులో పెరిగినచో పూడిక తీయుట కష్టము, నీరు నిలుచు చోటు తక్కువ. పశువుల బీడులో పెరిగినచో గడ్డి మొలవదు. నష్టము మొట్టమొదట తగులునది మందలు గలవారికే, వారి మందలే గింజను మోసినను.

తమిళదేశమున 2017లో మదరాసు హైకోర్టు వీనిని పెరికివేయుడని ఆదేశించినది. కొట్టి వదలిన లాభము లేదు. మొదలు చుట్టును మూరెడు లోతున త్రవ్వి, పిలక వేయు భాగమును తీసి, ఆ నేలలో వెంటనే వేప, కానుగ, లేదా మన నల్లతుమ్మను నాటవలెను. కాయలు పండకముందే ఆ పని జరుగవలెను. అంతవరకు ఆ కట్టెలు ఏరుకొనువారికి వేరొక వంటచెరకు చూపవలసిన బాధ్యత పంచాయతీలదే.