బర్నెట్ ఊహ, సుబ్బారావు మందు

క్లైడ్ నార్త్ నుంచి ప్రిన్సెస్ హైవే పట్టుకుని తూర్పుగా వెళితే రెండు గంటలలోపే ట్రరాల్గన్ వస్తుంది. మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళం సెలవులకు ఎన్నోసార్లు ఆ ఊరు దాటి వెళ్ళి ఉంటాం. 1899లో ఫ్రాంక్ మెక్‌ఫార్లేన్ బర్నెట్ పుట్టింది అక్కడే.

ఆయన కాలం నాటి చిక్కు ఇది. ఎన్నడూ చూడని క్రిమికి కూడా సరిగ్గా సరిపడే యాంటీబాడీని మన ఒళ్ళు ఎలా తయారు చేస్తుంది? క్రిమి ఆకారాన్ని బట్టి యాంటీబాడీ మలుచుకుంటుందని 1940లో లైనస్ పౌలింగ్ అన్నారు. అంటే దర్జీ కొలతలు తీసుకుని చొక్కా కుట్టినట్టన్నమాట. మెల్‌బోర్న్ వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థకు డైరెక్టరుగా ఉన్న బర్నెట్ 1957లో దీన్ని తిరగేశారు. అన్ని కొలతల చొక్కాలూ కొట్లో ముందే ఉన్నాయి, సరిపోయినది దొరికాక దాన్నే వేలల్లో కుట్టిస్తారు, అంతే! ఒక్కో లింఫోసైట్ ఒక్కో రకం యాంటీబాడీకే కట్టుబడి పుడుతుంది. తనకు తగిన యాంటిజెన్ తగలగానే విభజన మొదలుపెడుతుంది. అమెరికాలో డేవిడ్ టాల్మేజ్ కూడా అదే ఏడాది దాదాపు ఇదే ఆలోచనకు వచ్చారు.

బర్నెట్ తన వ్యాసాన్ని పేరున్న పత్రికకు పంపక, ఆస్ట్రేలియాలోనే ఒక చిన్న పత్రికలో వేయించారు. నిజమైతే ఘనత దక్కుతుంది, తప్పైతే ఎవరి కంటా పడదు. గడుసుదనమే! మరుసటి ఏడాదే అదే సంస్థలో గుస్తావ్ నొస్సల్, జాషువా లెడర్‌బర్గ్ విడివిడి కణాలను పరీక్షించి, ఒక కణం ఒకే రకం యాంటీబాడీని చేస్తుందని చూపారు.

పన్నెండు గంటలకొకసారి రెట్టింపైతే ఒక్క కణం వారం తిరిగేసరికి 16,000 దాటుతుంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, లోపల జరుగుతున్న పనుల్లో ఇదీ ఒకటి. జబ్బు తగ్గాక వీటిలో చాలా భాగం చచ్చిపోతాయి, కొన్ని జ్ఞాపకంగా మిగులుతాయి. పిల్లలకు బూస్టర్ వేయించేది వాటిని మళ్ళీ పెంచడానికే.

ఇక మన భీమవరం సంగతి. కణం రెండు కావాలంటే ముందు డిఎన్‌ఎకు నకలు తీయాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది, ఆపైన దాని పనిని అడ్డుకునే మందులనూ చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్తకాన్సర్ పిల్లలకు ఇస్తే కొందరికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు వెలువడిన 1948లోనే, బర్నెట్ ఊహకు తొమ్మిదేళ్ళ ముందు, సుబ్బారావు గారు పోయారు.

మన సభల్లో ఆయనకు నోబెల్ రాలేదని బాధపడతామే గానీ, ఆ మందు కణంలో ఏం చేస్తుందో పిల్లలకు చెప్పం. నిజానికి బర్నెట్‌కు 1960లో వచ్చిన నోబెల్ కూడా ఈ ఊహకు కాదు, రోగనిరోధక సహనం మీద చేసిన పనికి.

ఇద్దరి పనీ కలిసే చోటు ఎముక మజ్జ మార్పిడి వార్డు. దాత మజ్జతో వచ్చిన టి-కణాల్లో కొన్ని రోగి ఒంటిని పరాయిదిగా గుర్తించి పెరగడం మొదలుపెడతాయి. మార్పిడి జరిగిన తొలి రోజుల్లో మెథోట్రెక్సేట్, అంటే అమినోప్టెరిన్‌కు దాయాది, కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. అలా విభజనలో ఉన్న కణాలే ముందు దెబ్బతింటాయి. ఏదీ గుర్తించక నిద్రపోతున్నవి చాలావరకు బతికి బయటపడతాయి.