ఫొటో స్టూడియో లెన్సు, బేగంపేట ప్లేట్లు

"చుక్కల ఫొటోలకి ఏ లెన్సు కొనాలి బాస్?" కెమెరా కొన్న ప్రతి ఐటీ జీవీ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది. నా జవాబు ఓ పాత కథ.

1882లో పేద్ద తోకచుక్క ఒకటి వచ్చింది. దక్షిణాఫ్రికాలో కేప్ అబ్జర్వేటరీ నడిపే డేవిడ్ గిల్ దాన్ని ఫొటో తీయడానికి వాడింది స్టూడియోల్లో మనుషుల మొహాలు తీసే పోర్ట్రెయిట్ లెన్సు! దాన్ని టెలిస్కోపుకి కట్టి, తోకచుక్కని వెంబడిస్తూ తీశాడు. ప్లేటు కడిగితే తోకచుక్క వెనకాల బోలెడన్ని నక్షత్రాలు. ఇలా అయితే ఆకాశం మొత్తానికీ జాబితా తయారుచెయ్యొచ్చు కదా అన్న ఆలోచన అక్కడ బలపడింది.

ఆ తర్వాత దారి రెండుగా చీలింది. గిల్ వెడల్పాటి లెన్సుతోనే దక్షిణాకాశం తీశాడు. ఆ ప్లేట్లని హాలెండులో కాప్టెయిన్ కొలిచాడు. 1900 కల్లా 4,54,875 నక్షత్రాల జాబితా అచ్చయిపోయింది. ఇక 1887లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ ప్రాజెక్టు, కార్ట్ దు సియెల్. దానికి ఎంచుకున్నవి 3.4 మీటర్ల నాభ్యంతరం ఉన్న పరికరాలు. ఒక్కో ప్లేటుకి దక్కే ఆకాశం రెండు డిగ్రీలే! దాంతో పని దశాబ్దాలు సాగింది, పటం పూర్తికానేలేదు. స్కోపు చూడకుండా డెడ్‌లైను ఒప్పుకుంటే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా?

అలా మిగిలిపోయిన వాటాల్లో ఒకటి, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ, చిలీలోని శాంటియాగో నుంచి మన హైదరాబాదుకొచ్చింది. బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీ 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌తో ఆ పని పూర్తిచేసింది.

మరి పారిస్ వాళ్ళది తప్పా? నేనలా అనను. పొడుగు నాభ్యంతరం వల్ల నక్షత్రాల స్థానాలు కచ్చితంగా వచ్చాయి. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగులో ఇరవై అయిదు లక్షల నక్షత్రాల కదలికలు లెక్కగట్టడానికి ఆ పాత జాబితాలే ఆధారమయ్యాయి. వాటిల్లో బేగంపేటదీ ఉంది.

కాబట్టి బ్రాండు సంగతి తర్వాత. పాలపుంత మొత్తం కావాలా? వెడల్పాటి, ఎఫ్ నంబరు తక్కువున్న లెన్సు తీసుకోండి. ఒక్క నెబ్యులా వివరాలు కావాలా? పొడుగుది తీసుకోండి, దాంతోపాటు ఓపిక కూడా. రిక్వైర్‌మెంటు తేలకుండా పర్సు మాత్రం తియ్యకండి.