కేరళ బడుల్లో కంప్యూటరు చదువు: మనం తెలుసుకోవలసిన చరిత్ర

ప్రతి జూన్‌లోనూ అడ్మిషన్ల వేళ తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒకటే మాట: "సార్, ఉర్దూ మీడియంలో వేస్తే పిల్లాడికి కంప్యూటర్ వస్తుందా?" సరైన జవాబు దొరక్క కొందరు పిల్లల్ని వేరే బడికి తీసుకుపోతున్నారు. అందుకే ఈ సంచికలో కేరళ సంగతి రాస్తున్నాము.

మన దేశంలో ప్రభుత్వ పథకం కింద బడులకు కంప్యూటర్లు రావడం 1984లో మొదలయింది. కేంద్రం "క్లాస్" అనే పేరుతో కొన్ని వందల బడులకు బి.బి.సి. మైక్రో యంత్రాలను పంపింది. గది బయట చెప్పులు విడిచి లోపలికి పోవాలి, యంత్రం మీద గుడ్డ కప్పి వుంచాలి. భక్తి యెక్కువ, చదువు తక్కువ!

కేరళ వేరే దారి పట్టింది. శాస్త్రవేత్త యు.ఆర్. రావుగారి అధ్యక్షతన వేసిన సంఘం నివేదికను ఆధారం చేసుకుని 2001లో "ఐ.టి. ఎట్ స్కూల్" ప్రారంభించారు. అక్కడ చేసిన తెలివైన పని యంత్రాలు కొనడం కాదు. యంత్రాలు యెవరయినా కొంటారు. లెక్కలు, సైన్సు, భాషలు చెప్పే బడి టీచర్లనే కొందరిని యెంచి, తర్ఫీదు యిచ్చి, మాస్టర్ ట్రెయినర్లుగా చేశారు. వాళ్ళు మిగతా టీచర్లకు నేర్పారు. తర్వాత ఐ.టి.ని పదో తరగతి పబ్లిక్ పరీక్షలో చేర్చారు. పరీక్షలో వుంటేనే బడిలో చదువు జరుగుతుంది, ఈ మాట టీచరయిన వాడికి చెప్పనక్కర లేదు గదా.

రెండోది, కొద్ది యేళ్ళలోనే లైసెన్సు రుసుము లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారారు. పిల్లవాడు బడిలో నేర్చుకున్నదే యింటికి కాపీ చేసుకుని పోవచ్చు, యెవరికీ పైసా కట్టనక్కర లేదు. 2005లో మన రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు బడి పిల్లల కోసం "విక్టర్స్" చానల్ ప్రారంభించారు. 2020లో బడులు మూతపడినప్పుడు ఆ చానలే ఇంటింటికీ పాఠం చేరవేసింది. 2017లో ఆ పథకమే "కైట్" అనే సంస్థ అయింది, మరుసటి యేడు "లిటిల్ కైట్స్" పేర బడి బడిలో పిల్లల క్లబ్బులు పెట్టారు.

ముస్లిములు యెక్కువగా వుండే మలప్పురం జిల్లా గురించి ఒక మాట. 2002లో "అక్షయ" పథకం అక్కడినుంచే మొదలయింది. ఇంటికి ఒక్కరయినా కంప్యూటరు తెలిసినవారు వుండాలన్నది లక్ష్యం. గల్ఫ్‌లో వున్న భర్తకు, కొడుక్కు ఈ-మెయిల్ రాయవచ్చునని ఆడవాళ్ళు నేర్చుకున్నారు. అవసరం తెలిస్తే ఇల్మ్ దానంతట అదే వస్తుంది.

మా మనసుకు తగిలిన సంగతి వేరే వుంది. కేరళలో ఐ.టి. పాఠ్య పుస్తకాలు మలయాళం, ఇంగ్లీషులలోనే కాక, కన్నడ, తమిళ మీడియం పిల్లల కోసం ఆ భాషల్లోనూ అచ్చు వేశారు. కాసరగోడు సరిహద్దు బడి పిల్లవాణ్ణి కూడా లెక్కలోకి తీసుకున్నారన్న మాట.

మన దగ్గర? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 హైస్కూళ్ళకు కంప్యూటర్లు వచ్చాయి. కంపెనీలవాళ్ళే యంత్రాలు పెట్టి, ఇన్‌స్ట్రక్టర్లను పెట్టి, అయిదేళ్ళు నడపాలన్నది ఒప్పందం. గడువు ముగియగానే ఇన్‌స్ట్రక్టర్లు వెళ్ళిపోయారు. బడిలో వున్న టీచరుకు నేర్పినవారు తక్కువ. మేము చూసిన ఒక బడిలో ల్యాబుకు తాళం పడింది, తాళంచెవి యెవరి దగ్గర వుందో యెవరికీ తెలియదు.

ఉర్దూలో శాస్త్రం చెప్పడం కుదరదనే వారికి, 1918లోనే ఉర్దూలో ఉన్నత చదువుల కోసం ఉస్మానియాను స్థాపించిన సంగతి గుర్తు చేస్తున్నాము. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లో ఉర్దూ మీడియంలోనే కంప్యూటర్ డిప్లొమా వుంది. పదో తరగతి ముగించి అక్కడ చేరే మన పిల్లవాడు ఆరో తరగతి నుంచి మీటల మీద వేళ్ళు పెట్టి వస్తాడా, లేక మొదటి రోజు అక్కడే చూస్తాడా అన్నదే మా బెంగ. మన సొసైటీ సభ్యుల్లో కంప్యూటరు తెలిసిన యువకులున్నారు. వేసవి సెలవుల్లో మా టీచర్లకు రోజూ రెండు గంటలు చెప్పగలిగితే, మేము బల్లల దగ్గర కూర్చోవడానికి సిద్ధంగా వున్నాము.