ఎయిర్‌ఫ్లో: సమాంతర, ఎసింక్ టాస్కుల నిర్వహణ

అపాచీ ఎయిర్‌ఫ్లో పైథాన్‌లో రాసిన వర్క్‌ఫ్లోలను వేళకు నడిపే ఓపెన్ సోర్స్ వ్యవస్థ. మాక్సిమ్ బోషెమిన్ దీన్ని 2014 అక్టోబరులో ఎయిర్‌బీఎన్‌బీ సంస్థలో మొదలుపెట్టాడు. అంతకుముందు ఫేస్‌బుక్‌లో అతను చూసిన డేటాస్వార్మ్ అనే అంతర్గత సాధనం దీనికి ప్రేరణ. 2015లో దీన్ని బహిరంగంగా ప్రకటించారు. 2016లో అపాచీ ఇంక్యుబేటర్‌లో చేరి, 2019 జనవరిలో పూర్తిస్థాయి అపాచీ ప్రాజెక్టు అయింది. ఎక్కువ పనులను ఒకేసారి నడపడం దీని చరిత్రలో ఒక పాయ అయితే, ఏ పనీ చేయకుండా ఎదురుచూసే టాస్కులను ఎక్కడ ఉంచాలన్నది మరో పాయ. రెండోదే ఆలస్యంగా తెమిలింది.

వర్క్‌ఫ్లోను డాగ్ అంటారు. అది ఏ టాస్కు తర్వాత ఏది నడవాలో చెప్పే పటం. అందులో చుట్టూ తిరిగి మొదటికొచ్చే దారి ఉండదు. ఒకదానిపై ఒకటి ఆధారపడని టాస్కులను షెడ్యూలర్ ఏకకాలంలో వదలగలదు. వాటిని ఎవరు నడుపుతారన్నది ఎగ్జిక్యూటర్ వంతు. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో ఒకేసారి పలువురు రాయడం కుదరదు కనుక, తొలి వెర్షన్లలో దానితో వచ్చే సీక్వెన్షియల్ ఎగ్జిక్యూటర్ ఒక్కో టాస్కునే నడిపేది. లోకల్ ఎగ్జిక్యూటర్ అదే యంత్రంపై పలు ప్రాసెస్‌లు తెరుస్తుంది. సెలరీ ఎగ్జిక్యూటర్ రెడిస్ లేదా రాబిట్‌ఎంక్యూ ద్వారా పనిని వర్కర్లు నడిచే వేరే యంత్రాలకు పంచుతుంది. 2018లో 1.10తో వచ్చిన కుబర్నెటీస్ ఎగ్జిక్యూటర్ టాస్కుకో పాడ్ తెరుస్తుంది. అన్నిటిలోనూ టాస్కు వేరే ప్రాసెస్‌లోనే నడుస్తుంది. పైథాన్ థ్రెడ్లను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టే గిల్ తాళం ఇక్కడ పెద్దగా అడ్డుపడకపోవడానికి కారణం అదే.

సమాంతరంగా వదలడంతో పాటు పగ్గాలూ కావాలి. ఒక్కో షెడ్యూలర్ కింద ఒకేసారి నడిచే టాస్కులకు మామూలు పరిమితి 32. ఒకే డేటాబేస్ మీద అందరూ పడకుండా పూల్ స్లాట్లు పెట్టుకోవచ్చు. ఈ స్లాట్లే ఒక అపకీర్తికి కారణమయ్యాయి. డాగ్‌లో డాగ్‌ను ఇమిడ్చే సబ్‌డాగ్ తన లోపలి టాస్కులు ముగిసేదాకా ఒక స్లాటు పట్టుకుని కూర్చునేది. సబ్‌డాగ్‌లు చాలినన్ని పోగైతే లోపలి వాటికి స్లాట్లు మిగలక అంతా స్తంభించేది. 2.0లో దాని స్థానంలో టాస్క్ గ్రూప్ వచ్చాక సబ్‌డాగ్‌ను వదిలేయమన్నారు, 3.0లో తీసేశారు.

సెన్సర్లదీ ఇదే జబ్బు. ఫైలు వచ్చిందా, మరో డాగ్ ముగిసిందా అని చూసే ఈ టాస్కులు మామూలుగా 60 సెకన్లకోసారి తొంగిచూసి, మధ్యలో నిద్రపోతాయి. గడువు మార్చకపోతే ఏడు రోజుల దాకా ఇదే తంతు. అంతసేపూ వర్కర్ స్లాటు వాటి చేతిలోనే ఉంటుంది: బస్సు కోసం నిలబడ్డ మనిషి ఆటో కట్టించుకుని అందులో కూర్చున్నట్టు. రీషెడ్యూల్ పద్ధతిలో సెన్సర్ రెండు తనిఖీల మధ్య స్లాటు వదిలేస్తుంది, కానీ ప్రతి తనిఖీకీ కొత్త ప్రాసెస్ లేవాలి. ఎయిర్‌బీఎన్‌బీ ఇంజనీర్లు ఇచ్చిన స్మార్ట్ సెన్సర్ 2020 డిసెంబరులో 2.0తో వచ్చి, అనేక సెన్సర్లను కొద్ది ప్రాసెస్‌లలోకి చేర్చేది. సెన్సర్లకు తప్ప పనికిరాని ఆ ఏర్పాటు 2.4కల్లా పోయింది.

అసలు మందు పైథాన్‌లో అప్పటికే ఉంది. గీడో వాన్ రోసమ్ ప్రతిపాదించిన ఎసింక్‌ఐఓ 2014లో పైథాన్ 3.4తో, యూరీ సెలివనోవ్ ప్రతిపాదించిన ఎసింక్, అవెయిట్ 2015లో 3.5తో వచ్చాయి. ఒకే థ్రెడ్‌లో తిరిగే ఈవెంట్ లూప్ వేల నిరీక్షణలను మోయగలదు. ఎయిర్‌ఫ్లో దాన్ని వాడుకున్నది 2021 అక్టోబరులో, 2.2తో. ఈ ఏర్పాటు పేరు డిఫరబుల్ ఆపరేటర్లు; జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రపంచంలో పేరున్న ఆండ్రూ గాడ్విన్ వీటి రూపకర్త. టాస్కు తాను దేనికోసం ఆగాలో ఒక ట్రిగ్గర్‌గా చెప్పి వర్కర్ నుంచి తప్పుకుంటుంది. ఆ ట్రిగ్గర్ ఎయిర్‌ఫ్లో సొంత డేటాబేస్‌లోకి చేరుతుంది. ట్రిగ్గరర్ అనే కొత్త ప్రాసెస్ దాన్ని తన లూప్‌లో నడుపుతుంది. కబురు అందగానే టాస్కు తను చెప్పిన మెథడ్ దగ్గర మళ్లీ మొదలవుతుంది. మధ్యలో పైథాన్ ప్రాసెస్ మొత్తం పోయింది కనుక, పాత వేరియబుల్స్ ఏవీ వాటంతటవి మిగలవు. మొదట వాడేవారిని తికమకపెట్టేది ఇదే.

ఒక ట్రిగ్గరర్ మామూలుగా 1000 ట్రిగ్గర్ల దాకా మోస్తుంది. అయితే వాటిలో ఒక్కటి టైమ్ మాడ్యూల్ స్లీప్‌నో, రిక్వెస్ట్స్ లైబ్రరీనో పిలిచిందంటే, లూప్ దానితోపాటే ఆగి మిగతా ట్రిగ్గర్లన్నీ నిలిచిపోతాయి. లాగ్‌లో హెచ్చరిక పడుతుంది. అందుకే ఏ సేవకైనా డిఫరబుల్ ఆపరేటర్ రాయాలంటే సాధారణంగా ముందు దానికి ఎసింక్ క్లయింట్ ఉండాలి. డిఫర్ అయిన టాస్కు పూల్ స్లాటును కూడా వదిలేయడంతో పరిమితులు దాటిపోతున్నాయన్న ఫిర్యాదుకు జవాబుగా, వాటినీ లెక్కించే వీలు 2.7లో కల్పించారు. 2024లో వచ్చిన 2.10లో కొన్ని టాస్కులు వర్కర్ గడప తొక్కకుండా ట్రిగ్గరర్‌లోనే మొదలై అక్కడే ముగిసే వీలు కల్పించారు.