చూరు కింద చోటు

ఈ వారం చరిత్రలో జరిగిన ఒక సంగతిని మీ ముందు ఉంచాలని ఆశపడుతున్నాను.

అమెరికా దేశంలో డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ అనే దైవసేవకుడు 1968 ఏప్రిల్ 4న మెంఫిస్ పట్టణంలో తుపాకి గుండుకు బలైపోయాడని మనలో చాలామంది విన్నాం. ఆయన సొంత ఊరు అట్లాంటా. మరి ఆ రోజు మెంఫిస్‌లో ఆయనకేం పని? ఇంటింటి చెత్త ఎత్తే నల్లజాతి కూలీల పక్షాన నిలబడడానికి ఆయన అక్కడికి వెళ్ళాడు. ఆ కూలీలు అప్పటికి ఏడు వారాలకు పైగా పని మానేసి ఉన్నారు. ఎందుకు మానేశారో తెలుసుకుంటే మన హృదయాలు కదలక మానవు.

మెంఫిస్ టెన్నెస్సీ రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున ఉన్న పట్టణం. ఒకప్పుడు పత్తి వ్యాపారానికి పెట్టింది పేరు. చుట్టుపక్కల పత్తి చేలలో పాలికాపులుగా బ్రతికిన నల్లజాతి కుటుంబాలు పొట్ట చేతపట్టుకొని ఈ పట్టణానికి వచ్చేవి. చదువులేని మగవారికి దొరికే పనుల్లో చెత్త ఎత్తే పని ఒకటి. పని చేసేవారు దాదాపు అందరూ నల్లవారే, మీద అజమాయిషీ చేసేవారు తెల్లవారు. కూలి గంటకు సుమారు 1 డాలరు 70 సెంట్లు. వారమంతా ఒళ్ళు వంచి పనిచేసినా ఇల్లు గడవక, పేదలకు ప్రభుత్వం ఇచ్చే సహాయం మీద ఆధారపడిన కుటుంబాలు చాలా ఉండేవి.

ఆ పని ఎలా ఉండేదంటే, ఇంటివారు చెత్తను వీధిలోకి తెచ్చి పెట్టరు. కూలీయే ఇంటి వెనుక పెరట్లోకి వెళ్ళి, అక్కడున్న చెత్తను పెద్ద తొట్టిలోకి వంపుకొని, దాన్ని తలమీదో భుజంమీదో పెట్టుకొని లారీ దాకా మోయాలి. తొట్టెలకు చిల్లులు. కుళ్ళిన నీళ్ళు, పురుగులు మెడ మీదుగా చొక్కాలోకి కారేవి. తలనెరిసిన పెద్దమనిషిని కూడా కుర్రవాణ్ణి పిలిచినట్టు "ఒరేయ్ అబ్బాయ్" అనే ధోరణిలో పిలిచేవారు. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వద్దాం.

ఇప్పుడు వాన సంగతి చెబుతాను. వాన వస్తే మనం ఏం చేస్తాం? దగ్గర్లో ఉన్న ఇంటి చూరు కిందకు పరుగెత్తుతాం. ఎవరి ఇల్లని అడగం. ఇంటివారు కూడా "లోపలికి రండి, తడిసిపోతారు" అంటారు. కాని మెంఫిస్‌లో తెల్లవారుండే వీధుల్లో నల్లజాతి కూలీలు ఒక వసారాలో నిలబడితే ఇంటివారు అధికారులకు ఫిర్యాదు చేసేవారు. వారి కంటికి అక్కడ కనబడింది వానలో తడిసిన పనివాడు కాదు. తమ గడప దగ్గర నిలబడిన ఒక నల్లవాడు. అనుమానించడానికి ఆ రంగు చాలు. ఆ ఫిర్యాదులు విని అధికారులు కట్టడి చేశారు. వాన వస్తే కూలీలు ఇళ్ళ దగ్గర ఆగకూడదు, తమ చెత్త లారీలోనే తల దాచుకోవాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇదే మనిషి వారం వారం ఆ ఇంటి పెరట్లోకి వెళ్తున్నాడు. ఆ ఇంటివారు తిని పారేసినదంతా తలకెత్తుకుంటున్నాడు. అప్పుడు ఎవరికీ అభ్యంతరం లేదు. అదే మనిషి పది నిమిషాలు వసారాలో నిలబడితే మాత్రం భయం. అతని చాకిరీ కావాలి, అతను మాత్రం కంటికి కనబడకూడదు.

1968 ఫిబ్రవరి 1న జోరున వాన. ఎకోల్ కోల్ అనే 36 ఏళ్ళ మనిషి, రాబర్ట్ వాకర్ అనే 30 ఏళ్ళ మనిషి లారీ మీద పనిలో ఉన్నారు. లారీ ముందు భాగంలో చోటు చాలలేదు. కాబట్టి ఇద్దరూ వెనుక, చెత్తను నొక్కి అణగదొక్కే యంత్రం ఉన్న చోటికి ఎక్కి కూర్చున్నారు. అది పాతబడిన లారీ. అలాంటి లారీలు ప్రమాదమని, వాటిని తీసివేయమని కూలీలు అంతకుముందే మొరపెట్టుకున్నారు. ఉన్నట్టుండి ఆ యంత్రం దానంతట అదే కదిలింది. డ్రైవరు ఆపాలని చూశాడు గాని ఆగలేదు. ఇద్దరూ చెత్తతో పాటు నలిగి ప్రాణాలు విడిచారు.

రోజుకూలీ లెక్కలో ఉన్నవారు కాబట్టి ప్రమాద పరిహారం చట్టం వారికి వర్తించలేదు. పట్టణ యాజమాన్యం ఒక్కొక్క కుటుంబానికి 500 డాలర్లు, ఒక నెల జీతం ఇచ్చి చేతులు దులుపుకొంది. అప్పటికి రాబర్ట్ వాకర్ భార్య గర్భవతి.

అంతకు ఒకటి రెండు రోజుల ముందు ఇదే వాన మరో సంగతిని బయటపెట్టింది. మురుగు కాలువల పనిలో ఉన్న 20 మందికి పైగా నల్లజాతి కూలీలను వాన కారణంగా ఇంటికి పంపేసి రెండు గంటల కూలి మాత్రమే ఇచ్చారు. తెల్ల సూపర్‌వైజర్లకు మాత్రం రోజంతటి జీతం ఇచ్చారు. కూలివాడు పేదవాడు, దాని మీదనే ఆశపెట్టుకొని ఉంటాడు, పొద్దు గుంకక ముందే అతని కూలి ఇచ్చివేయాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో దేవుడు ఆజ్ఞాపించాడు. బిగబట్టిన కూలి కేకలు వేస్తుందని, ఆ కేకలు దేవుని చెవిని చేరతాయని భక్తుడైన యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో వ్రాశాడు. మెంఫిస్‌లో ఆ కేకలను దేవుడు విన్నాడు. మనుష్యులు వినడానికి మాత్రం చాలా ఆలస్యమైంది.

ఫిబ్రవరి 12న సుమారు 1300 మంది కూలీలు పనికి వెళ్ళలేదు. వారు అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. తమ సంఘాన్ని గుర్తించాలి, బ్రతకడానికి చాలిన కూలి ఇవ్వాలి, ప్రాణాలు తీయని పనిముట్లు ఇవ్వాలి. మేయరు హెన్రీ లోబ్ ఈ సమ్మె చట్టవిరుద్ధమని, కదిలేది లేదని చెప్పి, కొత్త మనుష్యులను పనిలో పెట్టాడు. ఫిబ్రవరి 23న కూలీలు, పాస్టర్లు కలిసి వీధిలో నడుస్తుండగా పోలీసులు లాఠీలతో కొట్టి, కళ్ళు మండే మందు ముఖాల మీద చల్లారు. పాస్టర్లను కూడా విడిచిపెట్టలేదు. మరుసటి రోజే పట్టణంలోని నల్లజాతి సంఘాల పాస్టర్లు ఒక్కటై కూలీల వెనుక నిలబడ్డారు. రాత్రి రాత్రికి ఏదో ఒక ఆలయంలో కూడిక, పాట, ప్రార్థన, కానుకలు. ఆ కానుకలతోనే కూలీల ఇళ్ళలో పొయ్యి వెలిగింది.

ఈ పాస్టర్లకు నాయకుడు సెంటినరీ మెథడిస్టు సంఘపు కాపరి రెవరెండ్ జేమ్స్ లాసన్. ఈయనకూ మన దేశానికీ సంబంధం ఉంది. 1953 నుండి 1956 వరకు ఈయన మెథడిస్టు మిషనరీగా నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో పనిచేశాడు. గాంధీగారి సత్యాగ్రహ పద్ధతిని ఇక్కడే శ్రద్ధగా నేర్చుకున్నాడు. మాంట్‌గోమరీ పట్టణంలో నల్లవారు బస్సులు ఎక్కడం మానేసిన వార్తను నాగపూరులోనే పత్రికలో చదివాడు. స్వదేశం వెళ్ళిన తరువాత, కొట్టినవాణ్ణి తిరిగి కొట్టకుండా అన్యాయాన్ని ఎదిరించడం ఎలాగో విద్యార్థులకు నేర్పించాడు. డాక్టర్ కింగ్‌ను మెంఫిస్‌కు పిలిచింది ఈయనే. 2024 జూన్‌లో, 95 ఏళ్ళ వయస్సులో ఈయన ప్రభువు సన్నిధికి చేరాడు.

మార్చి 28న కింగ్ ముందు నడవగా, క్లేబోర్న్ టెంపుల్ అనే ఆలయం దగ్గర నుండి ఊరేగింపు బయలుదేరింది. కూలీల చేతుల్లో అట్టలు. వాటి మీద ఒకే ఒక్క మాట. "నేను మనిషిని" అని. జీతం ఇంత పెంచండి అని కాదు, మేయరు దిగిపోవాలి అని కాదు. ఇంతకుముందు జ్ఞాపకం పెట్టుకోమన్నానే, తలనెరిసినవాణ్ణి కుర్రవాడిలా పిలిచిన ఆ పిలుపుకు ఇది జవాబు. ఆదికాండము మొదటి అధ్యాయంలో దేవుడు ఏనాడో చెప్పిన సంగతిని, అట్ట మీద వ్రాసి వీధిలో చూపించవలసిన గతి వారికి పట్టింది.

ఆ రోజు కొందరు యువకులు దుకాణాల అద్దాలు పగలగొట్టారు. దానితో పోలీసులు అందరి మీదా విరుచుకుపడ్డారు. ఆలయంలోకి పారిపోయినవారిని కూడా విడిచిపెట్టక లోపలికి బాష్పవాయువు వదిలారు. లారీ పేన్ అనే 16 ఏళ్ళ అబ్బాయిని ఒక పోలీసు కాల్చి చంపాడు. ఏప్రిల్ 2న అదే ఆలయంలో ఆ బిడ్డకు భూస్థాపన ఆరాధన జరిగింది.

హింస చూసి కింగ్ ఎంతో కలత చెందాడు. అయినా శాంతియుతంగా మరొకసారి నడవాలని మళ్ళీ వచ్చాడు. ఏప్రిల్ 3 రాత్రి గాలివాన. మేసన్ టెంపుల్ అనే పెద్ద మందిరంలో కూలీలు, వారి కుటుంబాలు కూడుకున్నారు. రెండు నెలల క్రితం వానలో ఇద్దరికి ఒక చూరు దొరకలేదు. ఈ రాత్రి వానలో వారి తోటివారందరికీ దేవుని మందిరపు కప్పు దొరికింది. కింగ్ ఆ రాత్రి లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరయుని గూర్చి మాట్లాడాడు. యాజకుడు, లేవీయుడు తాము ఆగితే తమకేమవుతుందో అని చూసుకున్నారు. సమరయుడు మాత్రం తాను ఆగకపోతే పడి ఉన్నవాడికి ఏమవుతుందో అని చూశాడు. ఈ కూలీల విషయంలో మనం అడగవలసిన ప్రశ్న రెండవదే అని ఆయన బోధించాడు. మరునాటి సాయంత్రం ఆరు గంటల వేళ, లొరైన్ మోటల్ వరండాలో నిలబడి ఉండగా గుండు తగిలింది. ఆయన వయస్సు 39 ఏళ్ళు.

ఏప్రిల్ 8న ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ అదే వీధుల్లో ముందు నడిచింది. ఇంకా భర్త భూస్థాపన కూడా కాలేదు. ఆమె వెనుక వేలాదిమంది మౌనంగా నడిచారు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరింది. సంఘాన్ని గుర్తించారు, రంగు చూడకుండా పై ఉద్యోగాలు ఇస్తామన్నారు, కూలి గంటకు మొదట 10 సెంట్లు, తరువాత 5 సెంట్లు పెంచారు. 65 రోజుల సమ్మెకు, అన్ని ప్రాణాలకు దొరికిన పెంపు 15 సెంట్లు! అయితే ఆ కూలీలు దాన్ని జయమనే అన్నారు. ఎందుకంటే తమను కూర్చోబెట్టి, మనుష్యులతో మాట్లాడినట్టు మాట్లాడారు.

అంతటితో కష్టాలు తీరిపోయాయని నేను చెప్పను. సరైన పింఛను లేక వారిలో కొందరు ముసలితనంలో కూడా లారీల మీద పనిచేస్తూనే వచ్చారు. 2017లో గాని, బ్రతికి ఉన్న ఆనాటి కూలీలకు పట్టణం తలకు 50,000 డాలర్లు ప్రకటించలేదు. న్యాయం 49 ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి చాలామంది వెళ్ళిపోయారు. క్లేబోర్న్ టెంపుల్ ఎన్నో ఏళ్ళు పాడుబడి ఉండి, బాగుచేస్తున్న సమయంలో 2025 ఏప్రిల్‌లో అగ్నికి ఆహుతైంది.

ప్రియులారా, ఈ చరిత్రలో సంఘాలు రెండు రకాలుగా కనబడుతున్నాయి. నల్లజాతి సంఘాలు తలుపులు తెరిచాయి. తెల్లవారి సంఘాల్లో అనేకం మౌనంగా ఉండిపోయాయి. ఆ వసారాల యజమానుల్లో ఆదివారం తప్పకుండా ఆరాధనకు వెళ్ళేవారు ఉన్నారనడంలో సందేహం లేదు. కింగ్ మరణించిన మరుసటి రోజున మాత్రం తెల్లవారు, నల్లవారు అయిన బోధకులు కలిసి మేయరు దగ్గరకు నడిచి వెళ్ళారు. ఎపిస్కోపల్ కెథడ్రల్ పెద్ద విలియం డిమ్మిక్ సిలువను చేతపట్టి ముందు నడిచాడు. మంచి పనే. కాని ఆ సిలువ ఫిబ్రవరి నెలలోనే బయటికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

యంత్రం చంపింది ఇద్దరిని. ఆ యంత్రంలోకి వారిని నెట్టింది ఒక చూపు. గడప దగ్గర నిలబడిన మనిషిని రంగును బట్టి అనుమానించిన చూపు. ఆ చూపుకు చట్టం వంత పాడింది, సంఘం ఊరుకుంది. మన వీధులు ఊడ్చేవారు, మన కాలువల్లో దిగేవారు ఉన్నారు. వారు నీళ్ళడిగితే మనం ఏ గ్లాసుతో ఇస్తున్నాం? ఎండకో వానకో మన అరుగు మీద కూర్చుంటే మన ముఖం ఎలా ఉంటుంది? వారిని ఏ పిలుపుతో పిలుస్తున్నాం? ఈ వారం ఎవరికి వారే ఇంట్లో కూర్చొని పరీక్షించుకుందాం. వారి పేరు తెలియకపోతే అడిగి తెలుసుకుందాం.

తల వాల్చుకోవడానికి స్థలం లేనివాడిగా ఈ లోకంలో తిరిగిన ప్రభువు, మన చూరు కింద నిలబడినవారిలో తనను గుర్తుపట్టే కన్నులు మనకు దయచేయును గాక. ఆమేన్.