ప్రాగ్: దర్శనీయ స్థలాలు

చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ వల్టావా నదికి ఇరుగట్లా విస్తరించింది. నగరపు చారిత్రక కేంద్రాన్ని యునెస్కో 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పాత పట్టణ కూడలిలోని ఖగోళ గడియారం 1410 నాటిది. గంట కొట్టగానే కిటికీల్లో కనిపించే అపొస్తలుల బొమ్మల కోసం జనం గుమిగూడతారు. నిజానికి తీరిగ్గా చూడవలసింది దాని ముఖఫలకాన్ని. రాశిచక్రంలో సూర్యచంద్రుల స్థానాలతోపాటు, సూర్యాస్తమయం నుంచి 24 గంటలు లెక్కించే పాత బొహీమియా కాలమానాన్నీ అది చూపుతుంది. ఆరు శతాబ్దాల కిందటి ఆ పనితనం అబ్బురపరుస్తుంది.

నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1357లో శంకుస్థాపన చేసిన రాతివంతెన పొడవు 516 మీటర్లు. దానిపై 30 విగ్రహాలు, విగ్రహ సముదాయాలు ఉన్నాయి. రద్దీ లేని తెల్లవారుజామున దాటడం మేలు. ఆవలి గట్టున కొండమీద కోట, అందులో సెయింట్ వైటస్ కెథడ్రల్ ఉన్నాయి. 1344లో మొదలైన ఈ కెథడ్రల్ నిర్మాణం 1929లో గాని పూర్తికాలేదు.

యూదుల పేట యోసెఫోవ్‌కు తప్పక సమయం కేటాయించాలి. అక్కడి పింకాస్ ప్రార్థనాలయం గోడల నిండా, నాజీలు బలిగొన్న బొహీమియా, మొరేవియా యూదుల పేర్లు రాసి ఉన్నాయి. అవి సుమారు 78,000.