వరియాకులో జరుగు పోరు



వరిపైరున కెండాకు తెగులు సోకినచో గింజ తాలుపోవునని పెద్ద లెఱుంగుదురు. ఆకుకొన నుండి యంచుల వెంబడి పసుపుచారలు దిగును. తెగులు సోకిన యాకును కోసి నీటియందుంచిన పాలవంటి ద్రవము కాఱును. ఆ ద్రవమునందున్నవి శాంతోమోనాస్ అను సూక్ష్మజీవులు. జపానునందలి ఫుకుఓకా రైతులు 1884లోనే యీ తెగులును గుర్తించిరి. 1963లో నిది బీహారునందు విస్తారముగా వ్యాపించెను.

పోచారమునుండి ఉప్పల్ మీదుగా పట్టణమునకు బోవు త్రోవలో, హబ్సిగూడయొద్ద, 1977లో నేర్పడిన సి.సి.ఎం.బి. యను జీవశాస్త్ర పరిశోధనాలయము కలదు. అచ్చట రమేశ్ సొంటిగారును వారి సహచరులును ఈ సూక్ష్మజీవి నడతను పరిశీలించిరి.

ప్రతి జీవకణమునందును జన్యువులను వంశలిపి యుండును. ఆ లిపి యంతయు నొక్కమాఱే చదువబడదు. కార్యము ననుసరించి కొంతభాగమే చదువబడును. ఈ జీవిని పుష్కలాహారముగల పాత్రలో పెంచినపుడు దాడికి వలయు జన్యువులు కొన్ని నిద్రించును. వరియాకున జొచ్చిన పిదప మేల్కొనును. ఇవి యొక రసాయన సంకేతముచే దమ సంఖ్యను పరస్పరము తెలుపుకొనును. ఆ సంకేతమును చేయు జన్యువు చెడినచో, ఇనుము కొఱతపడిన తావున నీ జీవి సరిగా నెదుగజాలదనియు, దాని తెగులుశక్తి తగ్గుననియు 2002లో చాటర్జీ, సొంటిగార్లు ప్రకటించిరి.

మఱియొక వింత గలదు. ఈ జీవి సూదివంటి గొట్టముతో తన మాంసకృత్తులను వరికణములోనికి బంపి, వరిజన్యువునే తన పనికి మేల్కొలుపును. అట్టి జన్యువు నొకదానిని 2006లో గుర్తించిరి. ఆ కుటుంబపు జన్యువులు చక్కెరను కణము వెలుపలికి బంపునవని 2010లో తేలెను. ఇది యింటివానిచేతనే గాదె తెఱపించుట వంటిది. కొన్ని వరిరకములందా జన్యువు మొదటిభాగమున లిపి మాఱియున్నందున శత్రువు సంకేత మచ్చట కుదురదు, గాదె తెఱువబడదు.

బాపట్లయందు రూపొంది 1986లో విడుదలయిన సాంబ మసూరి రుచికి పేరుగన్నది. కాని యీ తెగులున కోర్వదు. కావున సి.సి.ఎం.బి.వారును రాజేంద్రనగరమునందలి వరి పరిశోధనాలయమువారును సంకరణముచే పైజన్యువుతోగూడ మూడు రక్షకజన్యువులను దానియందు జేర్చిరి. ఒకటి ఆఫ్రికా యడవివరినుండి వచ్చినది. శత్రు వొకదానిని దాటినను తక్కినవి కాచునని మూడు నుంచిరి. ఆ మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలయ్యెను.

ఈ తెగులు బూజువలన గలుగదు; బూజుమందులకై సొమ్ము వెచ్చించుట వ్యర్థము. యూరియా మితిమీఱిన తెగులు హెచ్చును. నారు పోయుటకు మున్నే యోర్చు విత్తనము నెంచుకొనుడని మీ యింటి పిన్నలకు దెలుపుడు.